రొయ్యకు ఐసు కావాలి, చేతికి కాదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 34. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఐదేళ్ళుగా రొయ్యల ప్లాంటులో పీలింగు పని చేస్తున్నాను. హాలంతా చల్లగా ఉంటుంది, రొయ్యలు ఐసులోనే ఉంటాయి, నేల మీద ఎప్పుడూ నీళ్ళే. పోయిన ఏడాది నుంచి పని మొదలుపెట్టిన గంటకల్లా వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయి. టీ బ్రేకులో బయటికొచ్చాక ఎర్రగా అయి మంటపుడతాయి. ఈమధ్య రాత్రి రెండు, మూడు గంటలప్పుడు చేతులు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. లేచి విదిలిస్తే తగ్గుతుంది. చిటికెన వేలికి మాత్రం ఏమీ ఉండదు. గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళు సరిగ్గా ఆడవు, మాది కిలోల లెక్క కాబట్టి డబ్బులు తగ్గుతాయి. మా అత్తగారు ఒంట్లో చలవ చేసిందంటారు. పక్క టేబుల్ అక్క బ్రేకులో బాగా కాగిన నీళ్ళలో చేతులు ముంచుతుంది, నన్నూ ముంచమంటుంది. సూపర్‌వైజర్ గారేమో అలవాటైపోతుందిలే అంటారు. మా మరిది అక్కడే కోల్డ్ స్టోరేజీలో లోడింగు చేస్తాడు. ఒక పెగ్గు వేసుకుని లోపలికెళితే చలి తెలియదంటాడు. నిజమేనా? పాప పదో తరగతికి వచ్చింది. నేను పని మానెయ్యాల్సిందేనా? నా పేరు వెయ్యకండి.

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఇప్పటికిప్పుడు పని మానెయ్యక్కర్లేదు. కానీ ఇప్పుడు చేస్తున్న పద్ధతిలోనే చేసుకుంటూ పోకూడదు. ఈ రెంటికీ మధ్య చెయ్యగలిగింది చాలా ఉంది. అందులో కొంత మీ చేతిలో ఉంది, ఎక్కువ భాగం ప్లాంటు వాళ్ళ చేతిలో ఉంది. రెండూ రాస్తాను.

మీ ఉత్తరంలో నాకు రెండు బాధలు కనపడుతున్నాయి. మీరు రెంటినీ ఒకటే అనుకుంటున్నారు. పగలు హాల్లో వేళ్ళు తెల్లబడటం ఒకటి, రాత్రి తిమ్మిరితో మెలకువ రావడం ఇంకొకటి.

మొదటిది రక్తనాళాలకు సంబంధించింది. చలి తగలగానే వేళ్ళలోని సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇది అందరికీ జరిగేదే. కొందరిలో మరీ ఎక్కువగా బిగుసుకుని రక్తం దాదాపు ఆగిపోతుంది. వేళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి నీలంగా మారతాయి, వెచ్చబడినప్పుడు రక్తం ఒక్కసారిగా తిరిగొచ్చి ఎర్రబడి మండుతాయి. దీన్ని రేనాడ్స్ అంటాం. మన ఒంటి రంగులో ఈ మార్పు వేళ్ళ పైభాగాన అంత తేలిగ్గా కనపడదు. గోళ్ళ కింద, అరచేతి వైపు వేళ్ళ కొసల్లో చూసుకోవాలి.

రెండోది నరానికి సంబంధించింది. మణికట్టు దగ్గర ఇరుకైన దారిలోంచి ఒక నరం అరచేతిలోకి వస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం దాని కిందికి వస్తాయి. చిటికెన వేలికి వేరే నరం ఉంది. చిటికెన వేలికి ఏమీ ఉండదని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నాకు చాలా చెప్పింది. లేచి విదిలిస్తే తగ్గడం కూడా ఈ నరం నొక్కుకుపోయినప్పుడు కనపడే లక్షణమే. కార్పల్ టన్నెల్ అనే మాట డాక్టరు దగ్గర మీకు వినపడవచ్చు. రోజంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రొయ్యను పట్టి, తల తుంచి, పెంకు లాగి, వీపు మీది నల్ల నరం తీసే పని మీది. ఒకే కదలిక, మణికట్టు వంచి, వేళ్ళు నొక్కిపట్టి, అదీ చలిలో. మణికట్టులోని ఆ నరం మీద ఇంత భారం పెట్టే పనులు తక్కువ. ఉత్తరం చూసి రోగం తేల్చెయ్యడం కుదరదు, చెయ్యి పట్టుకుని చూడాల్సిందే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ రెండు బాధలనూ విడివిడిగా చెప్పండి. కలిపి 'చేతులు తిమ్మిర్లండీ' అంటే బలం మాత్రలు రాసి పంపేసే ప్రమాదముంది.

అలవాటవుతుందన్న మాట గురించి. చన్నీళ్ళలో చేతులు పెట్టి పనిచేసేవాళ్ళకు కొన్ని వారాల్లో కొంత ఓర్పు వస్తుంది, అది నిజం. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం ఏడ్చి, తర్వాత సర్దుకోవడం మీరూ చూసే ఉంటారు. కానీ మీకు నాలుగేళ్ళు బాగానే గడిచి ఐదో ఏట మొదలైంది. ఇది అలవాటు పడాల్సిన బాధ కాదు, అలవాటు పడిన శరీరం ఇక నావల్ల కాదని చెబుతున్న బాధ. మీ సూపర్‌వైజర్ గారు మంచి ఉద్దేశంతోనే అన్నా, మీ విషయంలో ఆ మాట వర్తించదు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగినవి. ముందు ఒక సంగతి అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలిక. చెయ్యి చల్లబడేది చేతి దగ్గర తగిలే చలి వల్ల మాత్రమే కాదు. ఛాతీ, పొట్ట, వీపు చల్లబడుతున్నాయని తెలియగానే శరీరం గుండె, ఊపిరితిత్తులు, కాలేయం వంటి వాటిని కాపాడుకోవడానికి చేతులకూ కాళ్ళకూ పంపే రక్తాన్ని తగ్గించేస్తుంది. అందుకే ఒళ్ళు చల్లగా ఉంటే ఎంత మంచి గ్లవ్స్ వేసినా వేళ్ళు వెచ్చబడవు. ఒంటికి వెచ్చగా ఉంటే అదే గ్లవ్స్‌తో వేళ్ళు చాలాసేపు ఆడతాయి. మీవాళ్ళలో చాలామంది నూలు చీర, పైన ప్లాంటు కోటు, దానిమీద ప్లాస్టిక్ ఏప్రాన్‌తో నిలబడతారు. ప్లాస్టిక్ నీళ్ళను ఆపుతుంది గానీ వేడిని నిలపదు. లోపల ఒంటికి అతుక్కుని ఉండే చేతుల బనియను, దానిమీద పలచటి స్వెటర్, ఆపైన కోటు వేసుకోండి. మందపాటిది ఒకటి వేసుకోవడం కన్నా పలచటివి రెండు మేలు, మధ్యలో నిలిచిన గాలే వెచ్చదనాన్ని కాపాడేది. మన కోస్తాలో స్వెటర్లు ఏడాదంతా దొరకవు. నవంబరు, డిసెంబరుల్లో రోడ్డు పక్కన అమ్మడానికి వస్తారు కదా, అప్పుడే రెండు కొని పెట్టుకోండి. మే నెలలో స్వెటర్ పట్టుకుని బస్సెక్కితే నవ్వుతారని మొహమాటపడకండి. బయట 42 డిగ్రీలున్నా మీరు పనిచేసే చోటు శీతాకాలమే.

మణికట్టుని మరిచిపోకండి. చేతికి వెళ్ళే రక్తం అక్కడ చర్మానికి బాగా దగ్గరగా ప్రవహిస్తుంది. పాత ఉన్ని సాక్సుల కొసలు కోసేసి మణికట్టు నుంచి మోచేతి దాకా తొడుక్కుని, పైన ప్లాస్టిక్ స్లీవ్ వేసుకోండి. ప్లాంటులోకి ఇలాంటివి తేనివ్వరేమో ముందు అడగండి. ఉన్ని దారాలు, పోగులు రొయ్యలో పడకూడదన్న నిబంధన సరైనదే. అందుకే అవి పూర్తిగా స్లీవ్ లోపలే ఉండాలి.

గ్లవ్స్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మీ అసలు ఇబ్బంది అక్కడే ఉంది. నీళ్ళు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. వట్టి చేతులతో ఐసు నీళ్ళలో పని అంటే వేళ్ళు ఏమీ మిగుల్చుకోలేవు. చర్మం సుమారు 15 డిగ్రీలకు దిగితే వేళ్ళ చురుకుదనం తగ్గడం మొదలవుతుంది. ఇంకా దిగి 7, 8 డిగ్రీలకు వస్తే తాకిన స్పర్శే తెలియదు. గ్లవ్స్ వేసుకుంటే మొదటి గంటలో కిలోలు తగ్గుతాయన్నది నిజమే. కానీ వట్టి చేతులతో మూడో గంటలో, నాలుగో గంటలో ఎన్ని కిలోలు వస్తున్నాయో ఒకసారి గమనించండి. మొద్దుబారిన వేళ్ళతో రొయ్య చిరుగుతుంది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు, కత్తి తగిలినా తెలియదు. రోజు మొత్తం లెక్క చూసుకుంటే తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. ఒక వారం గ్లవ్స్‌తో చేసి, షిఫ్టు ఆఖరి లెక్కే చూడండి. మొదటి గంటది కాదు.

గ్లవ్స్‌తో చెయ్యి ఆడకపోవడానికి చాలాసార్లు కారణం సైజు. ఒకే సైజు పెట్టెలోంచి అందరికీ ఇస్తారు. బిగుతుగా ఉంటే రక్తాన్ని ఆపి చేతిని ఇంకా చల్లబరుస్తాయి, పైగా మీ నరానికి మరింత ఒత్తిడి. వదులుగా ఉంటే రొయ్య జారుతుంది. మీ వేళ్ళ కొసలకు సరిగ్గా ఆనే రబ్బరు గ్లవ్స్, వాటి లోపల పలచటి నైలాన్ గ్లవ్స్ వేసుకోండి. లోపలివి తడిసిన వెంటనే మార్చాలి. చిల్లుపడి నీళ్ళు చేరిన గ్లవ్స్ వేసుకుంటే ఐసు నీళ్ళ సంచీలో చెయ్యి పెట్టుకున్నట్టే. షిఫ్టుకి కనీసం రెండు మూడు జతల లోపలి గ్లవ్స్ కావాలి, అవి ఆరబెట్టుకునే చోటు కావాలి. రబ్బరుతో దురద, దద్దుర్లు వస్తే నైట్రైల్ రకం అడగండి.

పక్క టేబుల్ అక్క పద్ధతి వద్దు. ఆమెను కూడా ఆపండి. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు. చర్మం కాలిపోతున్నా హాయిగా ఉన్నట్టే ఉంటుంది. అదీకాక, మూసుకుపోయిన నాళాలు అంత వేడికి ఒక్కసారి తెరుచుకుంటే ఆ మంట, వాపు ఎక్కువవుతాయి. చలికి వేళ్ళ మీద ఎర్రటి దురద గడ్డలు లేచేవాళ్ళకు ఇది మరీ చెడ్డది. గోరువెచ్చటి నీళ్ళు చాలు, మోచేతికి హాయిగా తగిలేంత. ఐదు నిమిషాలు ముంచి, వేళ్ళ సందుల్లో కూడా బాగా తుడిచి, పూర్తిగా ఆరాక గ్లవ్స్ వేసుకోండి. నీళ్ళు లేకపోతే చేతులు చంకల్లో పెట్టుకోండి. లేదా చెయ్యి చాచి భుజం నుంచి గుండ్రంగా తిప్పండి, రక్తం వేళ్ళ కొసల దాకా వెళుతుంది. పొయ్యి దగ్గర, టీ స్టవ్ దగ్గర సెగకు పెట్టకండి.

కాళ్ళ సంగతి త్వరగా చెబుతాను. గమ్‌బూట్ల లోపల నూలు సాక్సు చెమటకే తడిసిపోతుంది. లంచ్ దగ్గర మార్చుకోవడానికి ఇంకో జత పెట్టుకోండి. బూటు బిగుతుగా ఉంటే వేళ్ళు కదలవు, కదలని వేళ్ళు చల్లబడతాయి. తడి సిమెంటు నేల రోజంతా అరికాళ్ళ వేడిని లాగుతూనే ఉంటుంది. నిలబడే చోట రబ్బరు మ్యాట్ గానీ చిల్లుల ప్లాస్టిక్ పలక గానీ వేస్తే చాలా తేడా ఉంటుంది. ఇది ప్లాంటు వాళ్ళు చెయ్యాల్సిన పని, ఖర్చు పెద్దది కాదు.

మీరు రాయలేదు గానీ నేనే అడుగుతున్నాను, నీళ్ళు తాగుతున్నారా? చలిలో మూత్రం ఎక్కువగా వస్తుంది. అది శరీర ధర్మం, రోగం కాదు. కానీ మీలాంటి చోట్ల బాత్రూముకు వెళ్ళాలంటే ఏప్రాన్ విప్పాలి, గ్లవ్స్ తియ్యాలి, అడగాలి, తిరిగొచ్చి మళ్ళీ చేతులూ బూట్లూ క్లోరిన్ నీళ్ళలో ముంచాలి. కిలోల లెక్కలో అంతసేపూ డబ్బు పోతుంది. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. మూత్రంలో మంట, నడుం నొప్పి, జ్వరాలతో వస్తారు. ఒంట్లో నీరు తగ్గితే చేతులకు వెళ్ళే రక్తమూ తగ్గుతుంది. దయచేసి నీళ్ళు మానకండి. గోరువెచ్చటి నీళ్ళ సీసా బ్రేకు గదిలో పెట్టుకుని కొంచెం కొంచెంగా తాగండి. అలాగే ఖాళీ కడుపుతో షిఫ్టుకి వెళ్ళకండి. ఒంట్లో వేడి పుట్టేది తిండితోనే. పొద్దున్నే వంట కుదరకపోతే రాత్రి అన్నం పెరుగులో కలుపుకుని అయినా తిని వెళ్ళండి. చద్దన్నం చలవ చేస్తుందని మీ అత్తగారు అనవచ్చు. పొద్దున తిన్న పెరుగన్నం మీ వేళ్ళను తెల్లబరచదు, తినకపోవడమే ఎక్కువ హాని.

అత్తగారి మాటను నేను కొట్టిపారెయ్యడం లేదు. ఒంట్లో ఏదో తేడా ఉందన్న ఆమె అనుమానంలో సత్యం ఉండవచ్చు. నాలుగేళ్ళు తట్టుకున్న చేతులు ఇప్పుడెందుకు తట్టుకోలేకపోతున్నాయో వెతకాలి. మొదట చూడాల్సింది రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువైతే చలి ఎక్కువగా తెలుస్తుంది. తర్వాత థైరాయిడ్. అది మందగిస్తే చలికి ఓర్చుకోలేకపోవడం, మణికట్టు నరం నొక్కుకుపోవడం రెండూ వస్తాయి, అంటే మీ రెండు బాధలకూ ఒకే మూలం దొరకవచ్చు. షుగరు కూడా చూపించుకోండి. బీపీకి గానీ పార్శ్వపు నొప్పికి గానీ మందులు వాడుతుంటే ఆ చీటీ డాక్టరుకి చూపించండి. వాటిలో కొన్ని వేళ్ళ రక్తనాళాలను ఇంకా బిగుసుకునేలా చేస్తాయి. వేళ్ళ కొసల్లో మానని పుండ్లు, కీళ్ళ నొప్పులు, వేళ్ళ మీద చర్మం బిగుతుగా గట్టిపడటం, ఒక చేతికే లేదా ఒక వేలికే తెల్లబడటం ఉంటే చెప్పి తీరాలి. అప్పుడు కీళ్ళవాతం డాక్టరుకి చూపించి ఇంకొన్ని రక్తపరీక్షలు చేయించాల్సి ఉంటుంది. పనివల్ల వచ్చే రేనాడ్స్‌కి చలి తగ్గించడమే మొదటి మందు. అది చాలకపోతే నాళాలను తెరిచే మాత్రలు ఉన్నాయి, కానీ డాక్టరు చూసి ఇవ్వాలి, మెడికల్ షాపులో అడిగి వేసుకోకూడదు.

రాత్రి తిమ్మిరికి మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ దొరుకుతుంది. రాత్రి పడుకునేటప్పుడు ఒక నెలా నెలన్నర కట్టుకుంటే చాలామందికి ఉపశమనం వస్తుంది. చెయ్యి మడిచి చెంప కింద పెట్టుకుని పడుకునే అలవాటుంటే మానుకోండి.

చేతుల బాధంతా చలి మీదకే తోసెయ్యకూడదు కూడా. రోజుకు ఎన్నోసార్లు ముంచే క్లోరిన్ నీళ్ళు చర్మాన్ని పగలగొడతాయి. రొయ్య నల్లబడకుండా వాడే సల్ఫైటు మందు చర్మానికీ ఊపిరికీ పడదు. కొందరికి రొయ్య రసమే పడక దద్దుర్లు, ఆయాసం వస్తాయి. రొయ్య తల ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రగా వాచి, మంట పైకి పాకుతుంటే, జ్వరం వస్తే పసుపు పెట్టి ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. షుగరు ఉన్నవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు అసలు ఆలస్యం చెయ్యకూడదు. పని అయ్యాక చేతులు మంచినీళ్ళతో కడిగి, తుడిచి, కొబ్బరి నూనె గానీ వేజలైన్ గానీ రాయండి.

ఇంకొక మాట. శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి వచ్చే అక్కల్లో కొందరికి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంటుంది. ఒళ్ళు వెచ్చబడుతుందని బ్రేకులో చుట్ట కాలుస్తారు. పొగాకు వేళ్ళ రక్తనాళాలను బిగించేస్తుంది, చలి చేసే పనే అదీ చేస్తుంది. ఖైనీ, గుట్కా కూడా అంతే. నోటి క్యాన్సరు ప్రమాదం ఎలాగూ ఉంది. మీ టేబుల్ దగ్గర అలాంటివాళ్ళుంటే ఈ సంగతి చెప్పండి.

మీ మరిదికి. మందు తాగితే వెచ్చగా అనిపించడం నిజం, వెచ్చబడటం అబద్ధం. మందు చర్మం దగ్గరి నాళాలను తెరుస్తుంది. లోపలి వేడంతా చర్మం దాకా వచ్చి బయటికి పోతుంది. అతను పనిచేసేది మైనస్ 18 డిగ్రీల గది. సరుకును త్వరగా గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్ మైనస్ 40 దగ్గర ఉంటుంది. అక్కడ చలి తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. తాగినవాడికి వణుకు సరిగ్గా రాదు, ఎంతసేపైందో తెలియదు, పెట్టె జారితే తప్పుకోలేడు. అతనికి కావాల్సింది ఫ్రీజర్ జాకెట్, ప్యాంటు, టోపీ, పొడి గ్లవ్స్, లోపల ఉండే సమయానికి కచ్చితమైన పరిమితి, మధ్యలో వెచ్చటి గదిలో విశ్రాంతి. ఒంటరిగా లోపలికి వెళ్ళకూడదు. లోపలి నుంచి తలుపు తెరుచుకునే మీట, అలారం గంట పనిచేస్తున్నాయో రోజూ చూసుకోవాలి. పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో చాలావాటిలో అమ్మోనియాతోనే చల్లబరుస్తారు కాబట్టి ఘాటు వాసన వస్తే పని వదిలేసి బయటికి వచ్చి, గాలి వీచే దారి నుంచి పక్కకి నడవాలి, ఆ దారి ముందే తెలిసుండాలి. చెమటతో తడిసిన బనియనుతో మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. వేలు తెల్లగా మైనంలా గట్టిపడి స్పర్శ పోతే రుద్దకుండా గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక ప్లాంటు వాళ్ళు చెయ్యాల్సినవి. రొయ్య పాడవకుండా 4, 5 డిగ్రీల లోపు ఉండాలి, అందులో రాజీ లేదు. విదేశాలకు వెళ్ళే సరుకు, ఎవరి కంచంలోనో పడే తిండి. కానీ ఆ నిబంధన రొయ్యకు, మీ చేతులకు కాదు. ఐసు పట్టించిన రొయ్యను కొంచెం కొంచెంగా టేబుల్ మీదికి తెచ్చి, వెంటవెంటనే తీసుకెళితే రొయ్య చల్లగా ఉంటుంది, మీ చేతులు ఐసు గుట్టలో తవ్వక్కర్లేదు. చల్లగాలి మీ వీపు మీదికి కొట్టకుండా మళ్ళించవచ్చు. పీలింగు వాళ్ళను పూటకొకసారి తూకానికో ప్యాకింగుకో మార్చవచ్చు. నా ఉద్దేశంలో మిగతా అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది ఈ మార్పిడే. రక్తనాళాలకూ విశ్రాంతి, ఆ నరానికీ విశ్రాంతి. బ్రేకు గదిలో గోరువెచ్చటి నీళ్ళ కుళాయి, సైజుల వారీగా గ్లవ్స్, నేల మీద మ్యాట్లు, గంటన్నరకో రెండు గంటలకో పది నిమిషాలు చేతులు వెచ్చబరుచుకునే వీలు. ఇందులో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు.

చట్టం కూడా మీ పక్షానే ఉంది. 1948 నాటి కార్ఖానాల చట్టంలోనే కార్మికులకు చేతులు కడుక్కునే వసతి, నిలబడి పనిచేసేవాళ్ళకు వీలున్నప్పుడు కూర్చునే వసతి, తడిబట్టలు ఆరబెట్టుకునే చోటు గురించి రాశారు. దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఆ మాటలున్నాయి. భద్రత కోసం ఇచ్చే వస్తువుకు కార్మికుల దగ్గర డబ్బు పట్టుకోకూడదు. గ్లవ్స్ డబ్బులని మీ జీతంలో కోస్తుంటే అది తప్పు. మీరు కాంట్రాక్టరు కింద ఉన్నా ఈ వసతుల బాధ్యత నుంచి ప్లాంటు తప్పుకోలేదు.

అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల పని చేసే ఇళ్ళన్నీ ఎంత టెన్షన్ పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉన్న పనే ఉంటుందో లేదోనని భయపడేవాళ్ళు వేడినీళ్ళ కుళాయి ఎలా అడుగుతారు? అందుకే ఒక్కరే వెళ్ళకండి. మీ టేబుల్ వాళ్ళు పదిమంది కలిసి, ముందు సూపర్‌వైజర్ దగ్గరికే వెళ్ళండి. మీ బాధతో పాటు వాళ్ళ లెక్కా చెప్పండి. చేతులు మొద్దుబారితే రొయ్య చిరుగుతుంది, చిరిగిన రొయ్యకు ధర తగ్గుతుంది, అనుభవమున్నవాళ్ళు మానేస్తే కొత్తవాళ్ళకు నేర్పాలి. అమెరికా కొనుగోలుదారులు చాలామంది అడిగే బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్) సర్టిఫికెట్‌లో కార్మికుల భద్రత కూడా ఒక భాగం. మీ ప్లాంటుకు అది ఉంటే, ఆడిట్‌కి వచ్చినవాళ్ళు మీతో మాట్లాడినప్పుడు గ్లవ్స్ గురించి, నీళ్ళ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2009లో వెనామీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మన కోస్తాలో ఇంత వ్యాపారం పెరిగింది. దాని బరువులో మీ వేళ్ళ పని ఎంత ఉందో యజమానులకు తెలియకుండా ఉండదు.

ఎప్పుడు పీలింగు నుంచి తప్పుకోవాలో కూడా చెప్పాలి. నేను రాసినవన్నీ నెలా నెలన్నర పాటించినా తిమ్మిరి పగలు కూడా తగ్గకుండా ఉంటే, వేళ్ళ కొసల్లో పుండ్లు లేస్తే, గ్లాసు, గరిటె చేతిలోంచి జారిపోతుంటే, బొటనవేలి కింద అరచేతి కండ పలచబడితే ఇక ఆగకూడదు. నరం అంతదాకా నొక్కుకుపోతే తర్వాత ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు. అప్పుడు కూడా మొదట అడగాల్సింది వేరే సెక్షన్, డాక్టరు రాసిన కాగితంతో. మొత్తంగా మానెయ్యడం ఆఖరిది.

మీ జీతం చీటీ చూడండి. ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా కింద 0.75 శాతం కోస్తున్నారా? నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు ఈ హక్కు ఉంటుంది, కాంట్రాక్టు వాళ్ళకూ ఉంటుంది, యాజమాన్యం 3.25 శాతం కట్టాలి. కోస్తున్నారు గానీ నంబరు ఇవ్వలేదంటే అడిగి తీసుకోండి. దానితో రక్తం, థైరాయిడ్, షుగరు పరీక్షలు, నరం పరీక్ష మీకు ఖర్చు లేకుండా అవుతాయి. డాక్టరు సెలవు రాస్తే, మీ చందా రోజులు సరిపోయి ఉంటే, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది.

వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ వేళ్ళు తెల్లబడుతున్నాయి, ఎంతసేపటికి, మళ్ళీ మామూలు కావడానికి ఎంతసేపు పడుతోంది, రాత్రి ఏ వేళ్ళకు తిమ్మిరి, వారంలో ఎన్ని రాత్రులు. హాల్లోకి ఫోను తేనివ్వరు కాబట్టి బ్రేకులో బయటికి రాగానే, వేళ్ళు ఇంకా తెల్లగా ఉండగానే ఎవరితోనైనా ఫొటో తీయించుకోండి. ఆసుపత్రికి చేరేసరికి చేతులు మామూలుగా ఉంటాయి, చూపించడానికి ఏమీ ఉండదు. 'ఐసులో చేతులు పెట్టి పనిచేస్తాను' అన్నది మొదటి వాక్యంగా చెప్పండి. భీమవరం ఎండల్లో ఉంటున్న మనిషికి చలి జబ్బు ఉంటుందని డాక్టర్లకు కూడా వెంటనే తట్టదు. పరీక్షలు వచ్చాక థైరాయిడ్, హిమోగ్లోబిన్ అంకెలు నాకు రాయండి. వాటిని బట్టి తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.